పట్టాల మీద గుర్రం, కాడి కింద ఎద్దు

జైన గృహస్థు పాటించే అహింసా వ్రతానికి తగిలే దోషాలు ఐదని ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రంలో చెప్పాడు: కట్టేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, మితిమీరిన బరువు మోపడం, మేతా నీళ్లూ ఆపడం. వీటిలో నాలుగోదాన్ని తేల్చడమే కష్టం. ఎన్ని బస్తాలైతే మితిమీరినట్టు? వాన వెలిసిన పల్నాడు నాదెండ్ల నల్లరేగడి డొంకలో చెక్కచక్రాల బండి దిగబడిందంటే, సగం బరువుకే ఎడ్లు మోకాళ్ల మీద వాలతాయి. తారురోడ్డు మీద టైరు బండికైతే అంతకు రెట్టింపు కట్టినా మెడ వంచకుండా నడుస్తాయి. కాబట్టి ఈ దోషాన్ని కాటాతో తూచలేం.

అమెరికా అడవుల్లో ఇది మరీ తేటగా కనబడింది. దుంగల్ని చలికాలంలో మంచు మీద జారుబండ్లపై గుర్రాలతో లాగించేవాళ్లు. మంచు కరిగితే ఆ పని ఆగేది. పట్టాలు పరిచాక అదే గుర్రం ఎన్నో రెట్లు లాగింది, అదీ కాలంతో పనిలేకుండా. 1870లలో మిషిగన్‌లో కలప వ్యాపారి ఎఫ్రాయిమ్ షే వేసిన కర్రపట్టాల మీద మరో ముప్పు తేలింది. పల్లంలో దుంగల బండ్లు ఆగక, ముందున్న గుర్రాల మీదికే దూసుకొచ్చేవి. ఆయన ఆవిరి ఇంజనుకు మళ్లి, 1881లో తన ఇంజను నమూనాకు పేటెంటు పొందాడు.

పట్టాలు వేసింది యజమాని, లాభమూ ఆయనదే, గుర్రానికి కొత్తగా వచ్చిన కష్టమేముంది అని అడగవచ్చు. అడుగడుగునా శ్రమ తగ్గిన మాట నిజమే. కానీ అడుగులు పెరిగాయి. తగ్గిన శ్రమ అంతా అదనపు దుంగలుగా మారిపోతే గుర్రానికి దక్కిందేమిటి? దానికి డబ్బు అక్కర్లేదు. తన వాటాను విశ్రాంతిగా, నీడగా, నీళ్లుగానే తీసుకోగలదు. యజమానికి హింసించే ఉద్దేశం లేదు కదా అన్న వాదన ఇంకా గట్టిది. అయితే అదే సూత్రగ్రంథం హింసకు మూలం ఏమరుపాటు అంటుంది. పల్లం ఉందని తెలిసీ ఆపే ఏర్పాటు లేకుండా బండి తోలినవాడు, ద్వేషం లేనంత మాత్రాన నిర్దోషి కాడు.

మన దేశంలో బరువు లాగే పశువుల కోసం 1965లో చేసిన నియమాలు నాకు నచ్చేది ఇందుకే. చక్రాన్ని బట్టి బరువు పరిమితిని మార్చినా, అవి అక్కడితో ఆగలేదు. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదన్నాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా కాడి కట్టకూడదన్నాయి. చక్రం ఎంత తేలికగా తిరిగినా ఆ గంటలు ఎద్దువే. పల్నాడులో మే నెలంతా దాదాపు అలాంటి మధ్యాహ్నాలే.