గడప దాటిన మనస్సు

కర్నూలు జిల్లా పడమటి భాగమున, కౌతాళం మండలములో ఉరుకుంద క్షేత్రము కలదు. అందు శ్రీ లక్ష్మీనరసింహస్వామి ఈరన్నస్వామి యను పేర భక్తుల పూజలందుకొనుచున్నాడు. శ్రావణమాసమున రాయలసీమనుండియు, కర్ణాటకమునుండియు యాత్రికులు వేలకొలదిగ తరలివత్తురు. నల్లరేగడి పొలముల నడుమ ప్రయాణించి, సంసారపు చింతలు మూటకట్టుకొని వచ్చినవారు సన్నిధిని నిలువగానే నెమ్మది పొందుదురు. అప్పు తీరలేదు, రోగము మానలేదు. కాని మనస్సు మారినది. ఈ మార్పునకు స్వామి కృపయే మూలము. ఐనను ఆ కృపను గ్రహించుటకు మనస్సు సిద్ధమగునట్లు పూర్వులు ఆలయములను ఎట్లు నిర్మించిరో గమనింపదగియున్నది.

ఆగమోక్తమైన ఆలయమున భక్తుడు ముందుగా ఎత్తైన గోపురమును చూచును. తాను అల్పుడనని అచ్చట తెలియును. పిదప విశాలమైన ప్రాకారము, ధ్వజస్తంభము, బలిపీఠము, ముఖమండపము, అంతరాళము దాటి గర్భాలయము ముందు నిలుచును. ముందుకు సాగినకొలది చోటు కుదించుకొనును, వెలుతురు తగ్గును, సద్దు అణగును. ఎండనుండి వచ్చిన కన్నులు మసక వెలుతురునకు అలవాటుపడుటకు కొంత సమయము పట్టును. ఆ సమయమే మనస్సు వెలుపలి లోకమును విడుచుటకు గడువు. తక్కువ ఎత్తుగల ద్వారము తలను తానే వంచించును. చివరకు కనబడునది ఒక్క దీపము, ఆ దీపకాంతిలో స్వామి ముఖము. చూడదగినది ఒక్కటియే మిగిలినప్పుడు మనస్సు ఎచ్చటికి పోగలదు?

“స్తంభమునందును ఉన్న స్వామికి స్థలముతో పనియేమి?” అని ఎవరైన అడుగవచ్చును. స్వామికి పనిలేదు, మనకు కలదు. ప్రహ్లాదుని చరిత్రయే ఇందుకు సాక్ష్యము. తల్లి కయాధువు నారదమహర్షి ఆశ్రమమున ఉన్నపుడు, గర్భస్థుడైన ఆ బాలుడు భగవత్తత్త్వమును వినెను. ఆ ప్రశాంతస్థలమున నాటుకొనిన భక్తిని తరువాత హిరణ్యకశిపుని రాజభవనము గాని, విషము గాని, సర్పములు గాని పెకలింపలేకపోయెను. గీతాచార్యుడును ఆరవ అధ్యాయమున ధ్యానమునకు శుచియైన చోటును, మిక్కిలి ఎత్తుగాని మిక్కిలి పల్లముగాని కాని ఆసనమును విధించెను.

తుంగభద్రాతీరమున మంత్రాలయము కలదు. ప్రహ్లాదుని అవతారమని భక్తులు కొలుచు శ్రీ రాఘవేంద్రస్వామి 1671లో అచ్చట సజీవముగ బృందావన ప్రవేశము చేసిరి. ఆదోని పాలకుడు సారవంతమైన గ్రామమును ఇవ్వజూపినను, పూర్వము ప్రహ్లాదుడు యజ్ఞము చేసిన చోటని వారు మంచాల గ్రామమునే కోరిరని సంప్రదాయము చెప్పును. సర్వము హరిమయముగ చూచిన యతీంద్రులే ఒక చోటును ఎన్నుకొనిరి గదా!

నేడు పలుచోట్ల భక్తులు ఆలయములకు ధారాళముగ విరాళములు ఇచ్చుచున్నారు. అది పుణ్యకార్యమే. కాని గర్భాలయపు గోడలకు మెరయు పలకలు అతికించి, కన్నులు మిరుమిట్లుగొలుపు విద్యుద్దీపములు అమర్చి, మండపమున ధ్వనివర్ధకములు మ్రోగించినచో, భక్తుడు వెలుపలి అంగడినే లోపలను చూచును. అతడు స్వామి ముందు నిలిచియు స్వామిని చూడక మరలిపోవును. ఇంతకు మించిన నష్టమేమున్నది? దాతలును ధర్మకర్తలును “ఏమి చేర్చవలెను” అనుటకు ముందు “ఏది చెడకుండవలెను” అని యోచింపవలెను.

గృహస్థులకును ఇదే ధర్మము. ఈ సీమలోని పాత మట్టిమిద్దెలలో మందపు గోడలు ఎండను ఆపెడివి. పైకప్పున గవాక్షి నుండి వెలుతురు మెత్తగా దిగెడిది. అట్టి యిల్లు నేడు అందరికిని లేకపోవచ్చును. ఐనను ప్రతి యింట ఒక మూలను ఊడ్చి, ముగ్గుపెట్టి, అనవసరపు వస్తువులు చేర్చక, ఒక్క దీపము వెలిగించుటకు ధనముతో పనిలేదు. ఇంటి పిల్లలు నిత్యము చూచునదియే వారి మనస్సుగ మారును.

నరసింహుడు లోపలగాని వెలుపలగాని కాని ద్వారమున కూర్చుండి హిరణ్యకశిపుని సంహరించెను. నాడు ప్రహ్లాదుని బాధ తొలగినది గడపయందే. ఉరుకుందకు వచ్చు ప్రతి భక్తుడును ఆలయపు గడపపై ఒక్క క్షణము నిలిచి, తన కోపమును, భయమును స్వామికి అప్పగించి లోనికి అడుగిడునుగాక. ఇంటికి మరలిన పిమ్మట తన గడపను సైతము అట్లే పవిత్రముగ నిలుపుకొనునుగాక.