మొఖం ఎవరిది, చూపు ఎవరిది

బస్సులో ఎదుటి సీటు మనిషిని అడగకుండా బొమ్మ గీయొచ్చా? బడికి పోయే పల్లెవెలుగులో నేను రోజూ చేసే పని ఇదే. కాబట్టి ఇది ఊసుపోక వేసుకున్న ప్రశ్న కాదు.

అడిగితే మనిషి బిగుసుకుపోతాడు, సహజత్వం పోతుంది అంటారు కళ తెలిసినవాళ్ళు. వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్కు భూగర్భ రైళ్ళలో కోటు కింద కెమెరా దాచి ఎదుటివాళ్ళ ఫోటోలు తీసిండు. పుస్తకం 1966లో గాని రాలేదు. అన్నేండ్లు ఆగిండంటే ఎక్కడో ముల్లు గుచ్చుకునే ఉంటదని నా అనుమానం.

నా లెక్క వేరు. మా తాత, దొర ఎదురైతే చెప్పులు చేతబట్టి తల వంచి నిలబడ్డోడు. దొర మొఖం ఎట్లుండె తాతా అంటే చెప్పలేకపోయిండు. కుడికాలి బొటనవేలు గోరు నల్లగుండె అన్నడు. చూసిందంతా అదే! ఆ తాత మనవడిని, ఇయ్యాల ఇస్త్రీ చొక్కా మనిషి మొఖంలోకి నలభై నిమిషాలు తేరిపార చూస్తున్న. అతన్ని అడగను. అది మా తాతకు రావాల్సిన బాకీ. అన్యాయమంటే అననీ.

నిద్రపోయేటోళ్ళ సంగతే ఇంకా తేలలేదు. లేపి అడగలేం గదా.

కానీ అదే పెన్సిలు వెనక సీటు కూలీల మీదికి మళ్ళితే? మమ్మల్ని అడగకుండా చూసినోళ్ళు తక్కువ మందా? మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కులాలవారీగా ముక్కులు కొలిచి, ఫోటోలు దించి 1909లో ఏడు సంపుటాలు తెచ్చిండు. చాలా బొమ్మల కింద కులం పేరే ఉంటుంది, మనిషి పేరుండదు. 1943 కరువులో చిత్తప్రసాద్ మిడ్నపూర్ తిరిగి ఆకలి మనుషులను గీసిండు, పేరూ ఊరూ అడిగి రాసుకున్నడు. మొదటిదాన్ని సర్కారే అచ్చేసింది. రెండోదాన్ని జప్తు చేసి కాల్చింది.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడోళ్ళకు టికెట్టు లేకపాయె, బస్సు నిండా పత్తి ఏరబోయేటోళ్ళే. ఒకామె నా పుస్తకం చూసి, "ఏం రాస్తున్నవ్ సారూ? పింఛిన్లు కోస్తరా?" అన్నది. కాగితం పట్టుకున్నోడు మా వాడల్లోకి మంచికెప్పుడొచ్చిండు గనక!

పుస్తకం చేతికిచ్చిన. చానాసేపు చూసింది. చెవి రంధ్రాల్లో చీపురు పుల్లలున్నయి, అట్లనే గీసిన.

"పుల్లలెందుకు? కమ్మలు పెట్టు."

ఉన్నది ఉన్నట్టు గీయడమే నిజం అనేటోళ్ళున్నరు. రాజులూ జమీందార్లూ పైసలిచ్చి, కోరిన తీరులో గీయించుకున్న బొమ్మలను అబద్ధాలని ఎవరన్నరు? పుల్లలు చెరిపి కమ్మలు పెట్టిన.

కింద పేరు రాయమన్నది. ఇంటిపేరుతో సహా చెప్పింది.