ఇల్లడగా ప్రాణి: సరీసృపాల అప్పగింతలో చెప్పవలసినదీ చెప్పనిదీ

‘అభిజ్ఞాన శాకుంతలం’ నాలుగో అంకాన్ని మన విమర్శ ప్రధానంగా తండ్రీకూతుళ్ల వియోగఘట్టంగా చదివింది. ఆ అంకంలో మరొక వ్యవహారం కూడా సాగుతుంది. అది అప్పగింత. శకుంతల వనజ్యోత్స్న అనే తీగను చెలుల చేతిలో పెడుతుంది. చూలుతో ఉన్న లేడి సుఖంగా ఈనితే తనకు కబురు పంపమని తండ్రిని కోరుతుంది. తాను సాకిన జింకపిల్ల వెంటబడి కొంగు లాగితే, ఇకమీదట తండ్రి నిన్ను చూసుకుంటాడని దానికి చెప్పి కన్నీరు పెట్టుకుంటుంది. ఇక్కడ నన్ను కొంతకాలంగా వెంటాడుతున్న ప్రశ్న ఒకటి ఉంది. ఆ జింకపిల్ల కొంగు పట్టుకోకపోయి ఉంటే? వెళ్లిపోతున్న మనిషి వైపు అది తలయెత్తి చూడని ప్రాణి అయి ఉంటే, శకుంతల దాని కోసం ఎవరినైనా ఏమైనా అడగవలసిన అవసరం ఉండేదా?

ఈ ప్రశ్నను నా ముందు పెట్టింది కావ్యం కాదు, ఒక ఫోను సంభాషణ. నా పూర్వవిద్యార్థి ఒకరు ఇంగ్లండులోని రెడింగులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సంస్థ అతణ్ని ఎనిమిది నెలల పని మీద సింగపూరు పంపుతోంది. అతని ఇంట్లో రెండు సరీసృపాలున్నాయి: ‘బియర్డెడ్ డ్రాగన్’ అని పిలిచే ఆస్ట్రేలియా జాతి ఆడతొండ ఒకటి, ‘రాయల్ పైథాన్’ అనే పశ్చిమాఫ్రికా కొండచిలువ ఒకటి. సింగపూరులో ఈ రెంటినీ ఇంట పెంచుకోవడం చట్టవిరుద్ధం కనుక వెంట తీసుకువెళ్లే మార్గం లేదు. దగ్గరలోనే ఉన్న ఒక తెలుగు కుటుంబం సాయం చేస్తామంది. శాకాహారుల ఇల్లు. మూడేళ్ల పాప ఉంది, గుంటూరు నుంచి వచ్చిన పెద్దావిడ ఉంది. పాము ఆహారం గడ్డకట్టించిన ఎలుకలు. వాటిని ఫ్రీజరులో దాచాలి, వేడినీటి సాయంతో కరిగించి పెట్టాలి. సరీసృపాల నుంచి సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి సోకే ప్రమాదం ఉంది. అయిదేళ్లలోపు పిల్లలనూ వృద్ధులనూ వాటికి దూరంగా ఉంచాలని వైద్యులు హెచ్చరిస్తారు. ఇవన్నీ చెప్పావా అని అడిగాను. “అన్నీ చెబితే ఒప్పుకోరేమో మాస్టారూ” అన్నాడు.

ఆ ఒక్క వాక్యంలో ఒక ధర్మశాస్త్ర సమస్య మొత్తం ఇమిడి ఉంది.

పరుల చేతిలో దాచడానికి ఉంచిన సొమ్ముకు ప్రాచీనాంధ్రంలో ‘ఇల్లడ’ అని పేరు. సంస్కృతంలో న్యాసం, నిక్షేపం. మనువు చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాల్లో ఋణాదానం తరువాత రెండోది నిక్షేపమే. అప్పు తరువాత మనుషుల మధ్య తగవు పుట్టేది నమ్మకం దగ్గరేనని ఆ వరుస సూచిస్తున్నట్లుంది. కూతురిని అత్తవారింటికి పంపిన కణ్వుడు కూడా న్యాసం తిరిగి అప్పజెప్పినవాడిలా తేలికపడ్డానంటాడు. ఆ పోలికలోని స్త్రీదృష్టి వేరే చర్చనీయాంశం. యాజ్ఞవల్క్యస్మృతి ఇల్లడను గురించి ఒక సూక్ష్మమైన భేదం చేసింది. పెట్టెలో ఉంచి, లోపల ఏముందో చెప్పకుండా మరొకరి చేతికిచ్చినది ‘ఉపనిధి’. చూపించి, లెక్కచెప్పి ఇచ్చినది నిక్షేపం. పదమూడో శతాబ్దిలో కేతన తెలుగు పద్యాలలోకి తెచ్చిన విజ్ఞానేశ్వరుని మితాక్షర ఈ స్మృతికి వ్యాఖ్యే.

బంగారం విషయంలో ఉపనిధికి ఒక గౌరవం ఉంది. మూత విప్పి చూడని మనిషి నిజాయితీపరుడు. ఇచ్చినది ఇచ్చినట్లు తిరిగి ఇవ్వడమే అతని ధర్మం. రాజువల్లనో దైవికంగానో దొంగలవల్లనో పోతే అతను ఇచ్చుకోనక్కరలేదని కూడా స్మృతి అంటుంది. కాని లోపల ఉన్నది ప్రాణి అయినప్పుడు ఇదే మూత దోషమవుతుంది. నా విద్యార్థి చేయబోయినది గాజుపెట్టెలో ఉన్న ప్రాణిని ఉపనిధిగా ఇవ్వడం. పెట్టె గాజుది కనుక అందరికీ అంతా కనిపిస్తున్నట్లే ఉంటుంది. తెలియవలసినది మాత్రం మూతపడే ఉంటుంది.

ఈ మాట అలంకారానికి అన్నది కాదు. ఆ తొండకు పగటిపూట ఎండకాగే చోట సుమారు నలభై డిగ్రీల వేడి కావాలి, పెట్టె రెండో కొసన ఇరవై నాలుగు, ఇరవై అయిదు డిగ్రీల చల్లదనం కావాలి. తన ఒంటి వేడిని అది ఆ రెండు కొసల మధ్య తిరుగుతూ సరిచూసుకుంటుంది. అతినీలలోహిత కిరణాలనిచ్చే ప్రత్యేక దీపం లేకపోతే కాల్షియం ఒంటబట్టక ఎముకలు మెత్తబడతాయి. ఆ దీపం గురించి తెలుసుకున్నప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. కొన్ని నెలలు గడిచేసరికి అందులో అతినీలలోహిత కిరణాలు క్షీణిస్తాయి, కంటికి కనిపించే వెలుతురు మాత్రం అలాగే ఉంటుంది. చాలా రకాల దీపాలను ఆరునెలలకో ఏడాదికో మార్చక తప్పదు. రోజూ శ్రద్ధగా స్విచ్చి వేసే మనిషి, దీపం చక్కగా వెలుగుతోందని సంతోషించే మనిషి, తెలియకుండానే ఆ ప్రాణిని చీకట్లో ఉంచుతాడు. అతనిలో నిర్లక్ష్యం లేదు, ప్రేమకు కొదవ లేదు. చెప్పవలసినవాడు చెప్పలేదు, అంతే.

ఇంకొకటి. ఆడతొండ మగతోడు లేకుండానే గొడ్డుగుడ్లు పెట్టవచ్చు. తవ్వుకోవడానికి తడి ఇసుక దొరకకపోతే గుడ్లు లోపలే నిలిచి ప్రాణం మీదికి రావచ్చు. ఒంటరి ప్రాణికి గుడ్లేమిటని ధీమాగా ఉన్న ఇంట్లో అది నాలుగు రోజులుగా గోడ గీరుతుంటే, ఆటలాడుతోందనుకుంటారు. చూలులేడిని గురించి కబురు పంపమన్న శకుంతల మాటను ఈ వెలుగులో మళ్లీ చదివాను. అందులో మమకారమే కాదు, అప్పగించేవారికి ఉండవలసిన ఎరుక కూడా ఉంది. ఏ ఘడియ ప్రమాదకరమో ఆమెకు తెలుసు, దాన్ని పేరుపెట్టి చెప్పింది.

1872 నాటి భారత ఒప్పందాల చట్టం ఇల్లడ సంబంధాన్ని ఆధునిక భాషలో నిర్వచించింది. అందులో జంతువుల ఉదాహరణలు ఉండడం మనకు ఉపకరిస్తుంది. 150వ సెక్షను ప్రకారం ఇచ్చే వస్తువులో తనకు తెలిసిన లోపాన్ని ఇచ్చేవాడు చెప్పి తీరాలి. పొగరుబోతు గుర్రాన్ని ఆ సంగతి చెప్పకుండా ఎరువిచ్చి, ఎక్కినవాడు పడి గాయపడితే బాధ్యత ఇచ్చినవాడిదే అని దానికి ఉదాహరణ. 163వ సెక్షను ఉదాహరణలో, దాచుకోవడానికి ఇచ్చిన ఆవు ఈనితే దూడను కూడా తిరిగి ఇవ్వాలి. ఈ రెండూ న్యాయంగానే ఉన్నాయి. నాకు చిక్కు కలిగేది 151వ సెక్షను దగ్గర. పుచ్చుకున్నవాడు వస్తువును, సామాన్య వివేకం గల మనిషి అలాంటి తన సొంత వస్తువును చూసుకున్నట్లు చూసుకోవాలని అది చెబుతుంది. ‘తన దానివలె’ అనే ఈ కొలత మన లోకనీతిలో కూడా ఉత్తమమైనదిగానే చెలామణీ అవుతుంది. సొంతబిడ్డలా చూసుకుంటామని అనడం కంటే పెద్ద హామీ మనకు లేదు.

సరీసృపం దగ్గర ఈ కొలత విఫలమవుతుంది. సొంతబిడ్డలా చూసుకునేవాళ్లు మూడు వారాలుగా తినని కొండచిలువను చూసి తల్లడిల్లుతారు, మళ్లీ మళ్లీ ఎరచూపి దాన్ని బెదరగొడతారు. ఎదిగిన రాయల్ పైథాన్ నెలల తరబడి తినకుండా ఉండగలదు. బరువు తగ్గనంతకాలం ఆందోళన పడనక్కరలేదు. బిడ్డలా చూసుకునేవాళ్లు తిన్న వెంటనే ఎత్తుకుని లాలిస్తారు. తిన్న తరువాత కనీసం రెండు రోజులు దాన్ని ముట్టుకోకూడదు, ముట్టుకుంటే కక్కే ప్రమాదం ఉంది. నాగుల చవితినాడు పుట్టలో పాలుపోయడం మన భక్తికి సంబంధించినది, పాము ఆకలికి సంబంధించినది కాదు. ఇదీ అలాంటిదే. మన హృదయాన్ని కొలతగా చేసుకున్న సంరక్షణ ఇక్కడ హానిగా పరిణమిస్తుంది. అందుచేత ‘తన దానివలె’ అనే చోట ‘దానికి తగినట్లు’ అనే కొలతను నిలపవలసి ఉంది. దానికి తగినది ఏదో సామాన్య వివేకానికి అందదు. అది ఆ ప్రాణితో ఏళ్లు గడిపినవాడికే తెలుస్తుంది. కాబట్టి నిజంగా అప్పగించవలసినది ఆ తెలివిడి. ప్రాణి దాని వెంట వెళుతుంది.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది, తేలికైనది కాదు. కుక్క యజమాని కోసం బెంగపెట్టుకుంటుంది. తొండ అలా బెంగపెట్టుకుంటుందని చెప్పడానికి ఆధారం చాలా తక్కువ. వేడి, వెలుతురు, మేత సరిగా అందితే ఎవరి చేయి అందించినా దానికి ఒకటే కావచ్చు. అలాంటప్పుడు ఎనిమిది నెలల ఎడబాటును నైతిక సమస్యగా చేయడం మన భావుకతను దానికి అంటగట్టడం కాదా? ఆక్షేపణలోని మొదటి సగాన్ని నేను అంగీకరిస్తాను. ఈ ప్రాణి సంరక్షణ పూర్తిగా బదిలీ కాదగినదే. అయితే అందువల్లనే సమస్య తేలికపడదు, బరువెక్కుతుంది. కొంగు పట్టుకునే జింకపిల్ల తన దావాను తానే వేసుకుంటుంది. అది మేత మానితే చూసేవారి మనసు కరుగుతుంది. సరీసృపం జబ్బును దాచుకుంటుంది. అడవిలో బలహీనత చూపిన ప్రాణి మిగలదు కదా. దాని ఒంట్లో బాగాలేదని సామాన్యుడికి తెలిసేసరికి తరచుగా ఆలస్యమైపోతుంది. తన తరఫున తాను మాట్లాడలేని ప్రాణికి మాట్లాడగలిగిన సాక్షి ఒక్కడే. అతను సింగపూరులో ఉన్నాడు.

శిబి కథలో పావురం తానై వచ్చి ఒడిలో వాలింది, రక్షణధర్మం దాని రాకతో పుట్టింది. ఈ తొండ తానై రాలేదు. దాన్ని కొని, దాని దేశపు ఎండను ఒక దీపంగా కుదించి, ఆ దీపం మీద దాని ప్రాణాన్ని నిలిపినవాడు యజమాని. ఆధారపడే స్థితిని సృష్టించినవాడి బాధ్యత శరణిచ్చినవాడి బాధ్యత కంటే గట్టిదనే నా అభిప్రాయం. ఇంగ్లండు, వేల్సులలో అమలయ్యే 2006 నాటి జంతుసంక్షేమ చట్టం ఈ విషయాన్ని తన ధోరణిలో గుర్తించింది. జంతువు బాధ్యత శాశ్వతంగానైనా తాత్కాలికంగానైనా ఉండవచ్చునంటూనే, యజమాని ఎల్లప్పుడూ బాధ్యుడేనని మూడో సెక్షనులో చెప్పింది. అంటే అప్పగింతతో బాధ్యులు ఇద్దరవుతారే తప్ప మొదటివాడు తప్పుకోడు. ఇల్లడ పుచ్చుకున్నవాడినే బోనులో నిలబెట్టే అలవాటున్న మన వ్యవహారచింతనకు ఇది ఒక సవరణ.

తెలుగునేల మీద ఇదే సమస్య మరింత చీకటి రూపంలో ఉంది. రాయలసీమ పొదల్లో బతికే నక్షత్ర తాబేలును అదృష్టం తెస్తుందని ఇళ్లలో దాచుకునేవారున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. అలాంటి ఇంటివారికి బదిలీ వచ్చినప్పుడు తాబేలును బాహాటంగా అప్పగించలేరు, వైద్యుడికి చూపించలేరు, పక్కింటివారికి అసలు సంగతి చెప్పలేరు. ఆ అప్పగింత ఎప్పటికీ ఉపనిధిగానే మిగులుతుంది. అటవీశాఖకు అప్పజెప్పడం ఒక్కటే అక్కడ మూత తీసే దారి. తీసుకువెళ్లి ఏ గుట్ట మీదో వదిలేయడం కాదు.

విదేశీజాతుల విషయంలో 2024 నాటి నిబంధనలు, అంతర్జాతీయ ఒప్పందపు పట్టికల్లో చేరిన ప్రాణులు ఎవరి దగ్గరున్నాయో, ఎవరికి మారాయో నమోదు చేయించాలంటున్నాయి. దీన్ని దస్త్రాల తతంగంగా కొట్టిపారేయవచ్చు. మూతకు అది ఒక చిల్లు పెడుతుందని నాకనిపిస్తుంది.

నా విద్యార్థి ఆ తెలుగు ఇంటికి వెళ్లి ఎలుకల సంగతీ సాల్మొనెల్లా సంగతీ చెప్పాడు. ఇల్లాలు వెంటనే కాదన్నది. “ముందే చెప్పి మంచిపని చేశావు నాయనా” అని పెద్దావిడ కాఫీ ఇచ్చి పంపిందట. పాము, పాములు పెంచడంలో అనుభవమున్న ఒక పరిచయస్థుడి దగ్గరకు డబ్బిచ్చే ఏర్పాటు మీద వెళ్లింది. తొండను పిల్లలు లేని సహోద్యోగి ఒకామె తీసుకుంది. ఆమె మాంసాహారి కాదు కాని మిడతలను పట్టుకోవడానికి జంకలేదు. వెళ్లేముందు రెండు వారాలు ఆమె రోజూ అతని ఇంటికి వచ్చి, అతను చూస్తుండగా పనంతా తానే చేసింది. వైద్యుడి పేరు, ఖర్చుకు ముందుగా ఇచ్చిన డబ్బు, తనకు ఫోను అందకపోతే చికిత్స నిర్ణయం ఆమెదేనన్న అనుమతి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. ఎనిమిది నెలలు ఏడాదిన్నర అయితే ఏమిటన్న ప్రశ్నకు మాత్రం ఆ కాగితంలో మొదట జవాబు లేదు. ఆమె అడిగాక రాశాడు: పది నెలలు దాటితే, ఉంచుకోవాలో లేదో నిర్ణయించే హక్కు ఆమెది. తొండ పెట్టె పక్కన గోడకు ఒక చీటీ అంటించి ఉంది, దాని మీద దీపం మార్చవలసిన తేదీ.