ఆమె వద్దనగలదా?

ప్రియుడు ఆంటినస్ క్రీ.శ. 130లో నైలు నదిలో మునిగి చనిపోతే, రోమన్ చక్రవర్తి హేడ్రియన్ అతని పేర ఒక నగరమే కట్టించాడు. ఆడవాళ్ళు ఆడవాళ్ళను ప్రేమించడం మాత్రం రోమన్ సాహిత్యంలో ఎక్కువగా మార్షల్ లాంటి కవుల వెటకారంలోనే మిగిలింది. మన దగ్గర ఏం మిగిలిందో వెతుకుతూ ఒక నవల మొదలుపెట్టాను.

స్థలం కోసం దూరం పోనక్కరలేదు. మా నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు దొరికాయి. కృష్ణకు ఈ ఒడ్డున ఏలేశ్వరం, ఆ ఒడ్డున ఇక్ష్వాకుల విజయపురి. రెండూ ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద. మూడో శతాబ్దంలో అక్కడ మహాచైత్యానికి స్తంభం ఎత్తించిన చాంతిసిరి కూడా శాసనంలో రాజుకు తోబుట్టువు, ఒక మహాతలవరుడికి భార్య. ఈ చుట్టరికాలలో ఇమడని ఇద్దరిని ఊహించాను: ఒక రాచకన్య, ఆమె తల దువ్వే దాసి.

బాగా వచ్చిందనుకుని అమ్మకు చదివి వినిపించాను. ఎనభై దాటిన మనిషి, ఆడవాళ్ళిద్దరి ప్రేమ అనగానే ఉలిక్కిపడుతుందని సిద్ధపడే ఉన్నాను. ఆమె అడిగింది వేరే. "ఆ పిల్ల వద్దంటే నడుస్తదా బిడ్డా? గడిల ఆడబాప వద్దన్నదా ఎన్నడన్న?"

దొర బిడ్డ అత్తారింటికి పోతుంటే వెంట పంపిన ఆడపిల్లల కథలు వింటూ పెరిగినదాన్ని నేను. దొర స్థానంలో దొరసానిని పెట్టి దాన్నే ప్రేమన్నాను. రోమ్‌లోనూ ఎవరు ఎవరితో అన్నదానికన్నా ఎవరు పైన, ఎవరు కింద అన్నదే లెక్క. బానిస ఇష్టాన్ని అడిగిన పాపాన పోలేదు. 2018లో సుప్రీంకోర్టు నేరం కాదన్నది కూడా ఇష్టపడ్డ పెద్దవాళ్ళ మధ్య సంబంధాన్నే.

అలాగని ఆ ఇద్దరి మధ్య ప్రేమ అసాధ్యమనడం కూడా దాసి మనసును మనమే లాక్కోవడం. ఆమె నిజంగా ప్రేమించి ఉండొచ్చు. నేను అడగలేదు, అంతే. నా కథంతా రాచకన్య కళ్ళతోనే నడిచింది.

కొన్నాళ్ళు భిక్షుణుల వైపు వెళ్ళాను. ఇద్దరు భిక్షుణులు ఒకే మంచం మీద, ఒకే దుప్పటిలో పడుకోకూడదని పాళీ వినయంలో నియమాలున్నాయి. వద్దన్నారంటే జరిగిందనే కదా అని సంబరపడ్డాను. (చలికాలం మేం అక్కచెల్లెళ్ళం ముగ్గురం ఒకే గొంగడిలో పడుకునేవాళ్ళమని తర్వాత గుర్తొచ్చింది.) అయినా అక్కడ ఎవరు కావాలంటే వాళ్ళు లేచిపోగలరు. రాయడం సులువైంది.

పాత అధ్యాయం మాత్రం చించలేకపోయాను. ఈసారి దాసి మాటల్లో మొదలుపెట్టాను. లోపలినుంచి రాచకన్య పిలుస్తోంది. దాసి గడప ఇవతల దువ్వెన పట్టుకుని నిలబడి ఉంది. నాలుగు నెలలుగా అక్కడే ఉంది.