నచికేతుడు చూచిన గోవులు

సికింద్రాబాదు మారేడుపల్లిలో ముప్పదియేండ్లు కాపురమున్న పెంకుటింటిని విడిచి, రెండు గదుల అపార్టుమెంటునకు మారవలసిన సమయము నిరుడు మాకు సంప్రాప్తమైనది. అటకమీది సామగ్రినంతయు దింపగా, ఇన్నాళ్లు మేము సంసారము చేసినది మనుష్యులతోనా, వస్తువులతోనా యను సందేహము కలిగినది. గంగాళములు, మాట్లు వేయించిన గుండిగలు, కాలు విరిగిన పీటలు. ఇక పుస్తకములకు లెక్కయే లేదు.

ముడుతలు, నెరసిన వెండ్రుకలు, మనుమని ముఖము కనబడినప్పుడు గృహస్థు వనమునకు పోవలెనని మనువు ఆరవ అధ్యాయమున విధించెను. మాకు ప్రాప్తించిన వనము నాలుగవ అంతస్తున నున్నది. లిఫ్టు చెడిననాడు అదియు తపస్సే.

చెదలు తిన్న పంచాంగములు, అట్టలూడిన పుస్తకములు మూడు గోనెసంచులకెత్తి, దేవాలయ గ్రంథాలయమునకు దానము చేయుదమని నిశ్చయించితిని. "ఏమండీ, ఇవి వాళ్లేం చేసుకుంటారు?" అని మా గృహిణి యడిగినది. నేను కూలబడితిని. ఎన్ని మారులో పాఠము చెప్పిన కఠోపనిషత్తు అప్పుడు కన్నుల యెదుట నిలిచినది. వాజశ్రవసుడు సర్వస్వదక్షిణమైన యాగము చేయుచు, పాలుడిగి, మేత మేయు శక్తియు లేని గోవులను దానమిచ్చెను. బాలుడైన నచికేతుడు అది చూచెను. ఆ లోపమువలన తండ్రికి రానున్న అనిష్టమును తన్ను ఇచ్చుకొనియైనను తప్పింపవలెనని కుమారుడు తలంచెనని శంకర భగవత్పాదులు వివరించిరి. తండ్రి సరిగా ఇయ్యనిదానికి మూల్యము చెల్లింపబూనినవాడు కొడుకు! "నా తదనంతరము పిల్లలు చూచుకొందురులే" యని అటకలు నింపువారము ఈ ఘట్టమును మరల చదువవలెను.

సంచులు పాత కాగితములు కొనువానికి పోయినవి. దానికి దానమని పేరు పెట్టలేదు. అయితే అసలు చిక్కు అక్కడ లేదు. మా గురువుగారు అంచులయందు స్వహస్తముతో వివరణలు వ్రాసిన సిద్ధాంతకౌముది యొకటి కలదు. దానిని ఏ సంచి దరికిని రానీయక, మంచము క్రింది పెట్టెలో దాచితిని. పాలిచ్చు గోవు అదియే. మా మనుమనికి సంస్కృతము రాదు. ఆదివారములందు వ్యాకరణమునకై వచ్చు పాఠశాల విద్యార్థికి అది కావలెను. ఈ సంగతి నెలలకొలది తెలిసియు తెలియనట్లుంటిని.

గత ఏకాదశినాడు దానిని వాని చేతిలో పెట్టి, కారకప్రకరణమున గురువుగారి వ్రాత చెదరిన చోట్లు చదివి చూపితిని. వాడు నమస్కరించి వెడలెను. ఆ రాత్రి పెట్టెను రెండుమారులు తెరచి చూచితిని.