నదిని కుడివైపున ఉంచుకొని

ఉండవల్లి గుహాలయం దిగువన బయలుదేరి, కృష్ణానది దక్షిణతీరపు కరకట్ట వెంట వెంకటపాలెం, ఉద్దండరాయునిపాలెం, వైకుంఠపురం మీదుగా అమరావతి వరకు ఒక పగలంతా కాలినడకననో సైకిలు మీదనో సాగే యాత్రికుని విషయంలో ఒక ధర్మసందేహం కలుగుతుంది: ఆ నడక పూజాస్థలానికి చేర్చే సాధనం మాత్రమేనా, లేక నడకే పూజ అవుతుందా?

ఈ తీరంలో నది పక్కన జరీబు నేలలు, అనగా నదీజలాల తేమతో ఏడాది పొడవునా పైరు నిలిచే సారవంతమైన భూములు ఉండగా, దక్షిణానికి పోయేకొద్దీ పత్తి, మిర్చి పండే నల్లరేగడి పరచుకొని ఉంటుంది. ఆ మెట్టపొలాల నుంచి పుష్కరాలకు, అనగా బృహస్పతి కన్యారాశిలో ప్రవేశించినప్పుడు పన్నెండేళ్లకొకసారి కృష్ణకు జరిగే పర్వానికి, 2016 ఆగస్టులో తరలివచ్చిన రైతు కుటుంబాలకు రేవులో మునకే ప్రధానం, దారి కాదు. ధర్మశాస్త్రం మాత్రం దారిని అంత తేలికగా వదలలేదు. వాహనమెక్కి వెళ్లినవారికి తీర్థఫలంలో సగం నశిస్తుందని నిబంధకారులు, అనగా ధర్మశాస్త్ర సంగ్రహకర్తలు, చెప్పడంలో, శరీరం పడే శ్రమ కూడా ఫలంలో భాగమేనన్న అంగీకారం ఉంది. ఈ దృష్టితో చూస్తే, తొక్కేవాని సత్తువతోనే కదిలే సైకిలును ఎడ్లబండితోనో మోటారు బండితోనో జమకట్టడం న్యాయం కాదు.

అయితే ఈ ప్రశ్నకు లోతైన సమాధానం అమరావతి మహాచైత్యపు, అనగా అక్కడి బౌద్ధ మహాస్తూపపు, నిర్మాణంలోనే కనిపిస్తుంది. దేవాలయంలో గర్భగృహం ఉంటుంది, భక్తుడు దాని ఎదుటికి చేరి నిలుస్తాడు. స్తూపం లోపల పూడ్చి కట్టిన ఘనరూపం కనుక, ప్రవేశించడానికి ద్వారం గానీ నిలబడి చూడడానికి గర్భాలయం గానీ అందులో లేవు. సుమారు 50 మీటర్ల వ్యాసంతో నిలిచిన ఆ అండానికీ, అనగా గుమ్మటానికీ, దాని చుట్టూ ఉండిన వేదికకూ, అనగా శిలాప్రాకారానికీ, నడుమ విడిచిన ప్రదక్షిణపథంలో నడవడం తప్ప అక్కడికి వచ్చినవాడు చేయగలిగినది చాలా స్వల్పంగా ఉండేది. తోలుపని చేసే విధికుడు దానమిచ్చిన పూర్ణకుంభ శిలాఫలకం వంటివి ఆ నడిచేవారి కంటికి ఒకదాని తరువాత ఒకటిగా ఎదురవుతూ ఉండేవి. చిత్రమేమంటే, ఈ ప్రాంతంతో ముడిపడిన చైత్యశైల, అపరశైల శాఖలవారు స్తూపానికి చేసే అర్పణ మహాఫలాన్ని ఇవ్వదని భావించినట్లు బౌద్ధ శాఖల గురించి వసుమిత్రుడు రాసిన గ్రంథం చెబుతుంది. దానిని చీనా భాషలోకి అనువదించిన యువాన్ చ్వాంగ్ స్వయంగా 7వ శతాబ్దంలో ధాన్యకటకానికి, అనగా ఈ అమరావతి ప్రాంతానికే, వచ్చినవాడే. అంతటి శిల్పసంపదను పోగుచేసిన నేల మీద ఇలాంటి సిద్ధాంతం నిలవడాన్ని వైరుధ్యమని తోసిపుచ్చడం తొందరపాటు. రాతికిచ్చిన వస్తువులో ఫలం లేకపోతే, దాని చుట్టూ తిరిగే మనస్సులోనే అది ఉండాలి; కర్మ అంటే చేతన, అనగా సంకల్పమే, అన్న బౌద్ధ సూత్రానికి ఇది అనుగుణంగానే ఉంది.

స్తూపాన్ని చుట్టినట్లు నదిని చుట్టడం సాధ్యమా? నర్మదా పరిక్రమ చేసేవారు నదిని ఎప్పుడూ కుడివైపున ఉంచుకొని, ఒక తీరాన వెళ్లి మరో తీరాన తిరిగి వస్తారు. తూర్పుకు పారే కృష్ణకు దక్షిణతీరాన, ప్రవాహానికి ఎదురుగా ఉండవల్లి నుంచి అమరావతికి నడిచేవానికి కూడా నది కుడిచేతి వైపే ఉంటుంది కనుక, ఎవరూ విధించకపోయినా అతని నడక ప్రదక్షిణ నియమానికి లోబడే సాగుతుంది. సాయంత్రం అదే కట్ట మీద వెనుదిరిగితే నది ఎడమకు మారి ఆ నియమం చెడుతుంది. కానీ బౌద్ధులు చంక్రమణం అని పిలిచే సాధన ఒకే దారిలో అటూ ఇటూ నడవడమే. నడకలో కుదిరిన సమాధి చిరకాలం నిలుస్తుందని, అన్నం జీర్ణమై ఆరోగ్యం కలుగుతుందని, దూరప్రయాణానికీ సాధనకూ ఓర్పు వస్తుందని అంగుత్తరనికాయం దానికి ఐదు ప్రయోజనాలను చెప్పింది. వాటిలో ఏ ఒక్కటీ నడిచేవాడు ఏ దిక్కుకు పోతున్నాడన్నదాని మీద ఆధారపడదు కనుక, తిరుగుప్రయాణానికి ప్రదక్షిణ పేరు దక్కకపోయినా సాధనగా దాని విలువ తగ్గదు.