కాలదోషం పట్టని బాకీ

తాగే నీటిని చెడగొట్టేవాడు ఒకడు, ఆ నీళ్ళు తాగి బాధపడేవాడు మరొకడు. వాటిని బాగుచేయవలసిన రోజు వచ్చేసరికి చెడగొట్టినవాడు కాలం చేసి ఉంటాడు, లేదా వ్యాపారం మూసుకుని వెళ్ళిపోయి ఉంటాడు. అప్పుడు ఖర్చు ఏ తప్పూ చేయని మూడోవాడి నెత్తిన పడుతుంది. "చేసింది నేను కాదు గదా, నేనెందుకు పెట్టుకోవాలి?" అని ఆ మూడోవాడు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. దానికి న్యాయమైన జవాబు ఉందా అన్నదే మనం ఆలోచించవలసిన సంగతి.

ఈ ప్రశ్న అమెరికాలో పెద్ద తగవుగా మారింది. అక్కడి పాత నగరాల్లో వీధిలోని పెద్ద పైపు నుండి ఇంట్లోకి నీళ్ళు తెచ్చే చిన్న పైపులు చాలాచోట్ల సీసంతో చేసినవి. సీసం మెత్తని లోహం, ఎటు వంచితే అటు వంగుతుంది, చాలాకాలం మన్నుతుంది, అందుకని వాడారు. దాని చెడుగు ఎవరికీ తెలియదనడానికి లేదు. సీసపు గొట్టాల కంటె మట్టి గొట్టాల నీరే ఆరోగ్యమని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రెండువేల ఏండ్ల కిందటే రాసిపెట్టాడు. సీసం కలిసిన నీటికి రంగు మారదు, వాసన రాదు, రుచి తెలియదు. పసిపిల్లల మెదడు ఎదుగుదల మాత్రం దెబ్బతింటుంది. 1986లో ఆ దేశం కొత్తగా సీసపు పైపులు వేయడాన్ని నిషేధించింది. అప్పటికే నేలలో ఉన్నవి నేలలోనే ఉండిపోయాయి.

మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గుతుందని డెట్రాయిట్ నుండి వచ్చే నీటిని మానుకుని ఫ్లింట్ నది నీటికి మారింది. పైపులు ఒరుసుకుపోకుండా కలపవలసిన మందు కలపలేదు. పాత పైపుల్లోని సీసం కరిగి ఇళ్ళల్లోకి వచ్చింది. ఆ గొడవ తర్వాత మిషిగన్ 2018లో కొత్త నియమాలు చేసింది. సీసపు పైపులన్నిటినీ ఏడాదికి సగటున 5 శాతం చొప్పున 20 ఏండ్లలో మార్చివేయాలి.

చిక్కంతా ఆ చిన్న పైపు దగ్గరే వచ్చింది. చాలా ఊళ్ళలో దానిలో వీధివైపు భాగం నగరానిది, ఇంటివైపు భాగం ఇంటి యజమానిది. "నా భాగం నేను మారుస్తాను, నీ భాగం నీ ఇష్టం" అని నగరం అంటే లెక్క ప్రకారం తప్పు లేదు. కాని సగం కోసి సగం వదిలేస్తే, ఆ కదలికకు మిగిలిన ముక్కలోని సీసం ఊడి కొంతకాలం నీటిలో ముందుకంటె ఎక్కువగా చేరవచ్చు. ఎవరి హద్దులో వారు ధర్మంగా నడుచుకున్నా తాగేవాడికి చెరుపే జరుగుతుందన్నమాట. అందుకే మిషిగన్ నియమం ఆ పైపు ఎవరిదైనా సరే, మొత్తం పైపును నీరు సరఫరా చేసే సంస్థ తన ఖర్చుతోనే మార్చాలన్నది. డెట్రాయిట్‌తో సహా కొన్ని స్థానిక సంస్థలు కోర్టుకెక్కాయి. 2019లో కోర్టు ఆ నియమాన్నే నిలబెట్టింది.

మనకు సీసపు పైపుల బాధ లేదు గదా అని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. మన ఇళ్ళల్లో ఇనుప పైపుల స్థానంలో వచ్చిన పి.వి.సి. పైపుల తయారీలోనూ, వేడికి చెడకుండా ఉండడానికి, సీసపు సమ్మేళనాలు కలుపుతూ వచ్చారు. దాన్ని అరికట్టడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో నియమాలు తెచ్చింది. అవి తయారీకి, అమ్మకానికి సంబంధించినవి. గోడలో, నేలలో ఇదివరకే పూడ్చినవాటిని తీసి మార్చే భారం ఎవరిదని అడిగితే మళ్ళీ ఆ మూడోవాడి దగ్గరికే వస్తాం.

అయితే ఈ ప్రశ్నను మన ప్రాంతానికి నేర్పింది పైపు కాదు, పాలారు. పేరు పాల ఏరు. ఒడ్డున వాణియంబాడి, ఆంబూరు, రాణీపేట తోళ్ళ కర్మాగారాలు. ఒకప్పుడు తంగేడు చెక్కతో తోళ్ళు పదును పెట్టేవారు. తర్వాత క్రోమియం లవణాలు వచ్చాయి. 1970లలో ప్రభుత్వమే పచ్చి తోళ్ళ ఎగుమతిని తగ్గించి పూర్తిగా తయారైన తోలును పంపమని ప్రోత్సహించింది. దేశానికి విదేశీ మారకం వచ్చింది, ఊళ్ళకు పనులు వచ్చాయి, బ్యాంకులకు మంచి ఖాతాలు వచ్చాయి. బావుల్లోకి ఉప్పు, క్రోమియం వచ్చాయి.

వేలూరు పౌర సంక్షేమ వేదిక 1991లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యంపై 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతగానో పనికిరాకుండా పోయిందన్న అంచనాను కోర్టు అందులో ఉదహరించింది. చెరిచినవాడే చెల్లించాలి అన్న సూత్రం మన దేశ న్యాయంలో గట్టిగా పాతుకున్నది ఆ తీర్పుతోనే. దాని ప్రకారం ఏర్పడిన అథారిటీ 2001లో 29 వేల పైచిలుకు బాధితులకు, 547 కర్మాగారాల నుండి, సుమారు 27 కోట్ల రూపాయలు ఇప్పించాలని లెక్క కట్టింది. లెక్క కట్టినంత త్వరగా డబ్బు కదలలేదు. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పవలసి వచ్చింది: ఇంకా అందనివారికి ప్రభుత్వం ముందుగా ఆరు వారాల్లో చెల్లించాలి, ఆ తర్వాత చెరిచినవారి దగ్గర రాబట్టుకోవాలి.

మిషిగన్ నియమానికీ ఈ తీర్పుకూ ఉన్న పోలిక గమనించండి. రెండూ తప్పెవరిదన్న ప్రశ్నను కొట్టివేయలేదు. బాధితుడికి మేలు జరగడం ఆ ప్రశ్న తేలేదాకా ఆగరాదన్నాయి, అంతే.

దీనికి ఎదురు వాదం బలమైనదే. పాత కర్మాగారాన్ని నిన్న కొన్నవాడు, శుద్ధి కేంద్రానికి నెలనెలా డబ్బు కడుతున్నవాడు, తాత చేసిన పనికి ఎందుకు బద్ధుడు? ఆ పనిమీదే బతికే కూలీల గతి ఏమిటి? ప్రభుత్వం ముందు చెల్లించడమంటే పన్ను కట్టే ప్రజలు చెల్లించడమే గదా. ఒక్క చుక్క మురికి వదలని జోలార్పేట రైల్వే ఉద్యోగి, గుడియాత్తం నేతగాడు ఎందుకు ఇవ్వాలి?

ఇక్కడ జరిమానాకూ బాకీకీ ఉన్న తేడా మరచిపోకూడదు. జరిమానా తప్పు చేసినవాడి మీదనే పడాలి. తండ్రి నేరానికి కొడుకును శిక్షించే న్యాయం లేదు. బాకీ అలా కాదు. పూర్వం హిందూ ధర్మశాస్త్రం తండ్రి అప్పు తీర్చడం కొడుకుకు ధర్మమన్నది. ఆ ధర్మబాధ్యత కారణంగా కొడుకుపై దావా వేసే హక్కును 2005 సవరణ, ఆ తర్వాత చేసిన అప్పుల విషయంలో, తీసివేసింది. కాని చనిపోయినవాడి ఆస్తి తీసుకున్నవాడు, ఆ తీసుకున్న మేరకు, అతని అప్పుకు జవాబుదారీ అన్న నియమం అలాగే ఉంది. వారసుడు నిర్దోషి కావచ్చు. నిర్దోషి అయినంత మాత్రాన ఆస్తి ఉంచుకుని అప్పును వదులుకోలేడు.

ఈ కొలత మన ప్రశ్నకు సరిపోతుంది. కర్మాగారం వల్ల ఎక్కువ లాభం పొందినవాడికి ఎక్కువ వాటా. ఆ విదేశీ మారకంతో నడిచిన ప్రభుత్వానికి ఒక వాటా. ఆ వ్యాపారం పెంచిన బజార్లలో అమ్ముకున్నవారికి, దానికి అప్పులిచ్చి వడ్డీ తిన్న బ్యాంకులకు, వాటిలో జీతాలు తీసుకున్న మాబోటి వారికి కొంచెం కొంచెం. కూలికి దక్కింది తక్కువ కనుక అతని వంతూ తక్కువ. బావి చెడినవాడు ఇంట్లోనే ఉంటే అసలు లేదు. అందరిమీదా సమానంగా రుద్దడం అన్యాయం. ఎవరిమీదా లేదనడం అంతకంటె అన్యాయం, ఎందుకంటే అప్పుడు మొత్తం బాకీ బావి చెడిన రైతే మోస్తాడు. అతడికంటె నిర్దోషి ఎవడు?

చాలా ఏండ్లయింది, ఇంక వదిలేద్దాం అనేవారూ ఉన్నారు. మూడేండ్లు దాటిన ప్రోనోటుకు కాలదోషం పడుతుందని మనకు తెలుసు. కాలదోషం వల్ల పోయేది కోర్టుకు వెళ్ళే దారి మాత్రమే, అప్పు కాదు. అలాంటి అప్పును తీరుస్తానని కొత్తగా రాసి సంతకం పెడితే ఆ కాగితం చట్టం ముందు చెల్లుతుంది. వ్యాపార చట్టమే ఇంత దూరం ఒప్పుకుంటే, నీటి విషయంలో కాలం గడిచిందన్న సాకు ఎలా నిలుస్తుంది? పైగా ఇది పాత అప్పే కాదు. నేలలో చేరిన క్రోమియం, గోడలో పూడ్చిన సీసం ఎంతకాలం అక్కడ ఉంటాయో అంతకాలం వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

2019 జూలై 12న జోలార్పేట నుండి మద్రాసుకు నీళ్ళ రైలు బయలుదేరింది. 50 ట్యాంకు వ్యాగన్లలో 25 లక్షల లీటర్లు. అవి మన పాలారు నీళ్ళు కావు, మేట్టూరు నుండి మనకోసం తెచ్చిన కావేరి నీళ్ళు. మాకే చాలనప్పుడు ఎలా పంపుతారని మన జిల్లాలో అభ్యంతరం లేచింది, అది అర్థమయ్యేదే. మద్రాసు చెరువులను పూడ్చి ఇళ్ళు కట్టుకున్నది మేమా అని కూడా అడగవచ్చు. అయినా రైలు కదిలింది. ఎవరి తప్పువల్ల ఆ నగరం దప్పిగొన్నదో తేల్చేదాకా వ్యాగన్లను నిలబెట్టి ఉంటే అందరికంటె ముందు ఎండిపోయేది ఆ చెరువులు పూడ్చినవారి గొంతు కాదు, కొళాయి లేని పేటలోని ఆడవాళ్ళ బిందె.

కనుక రేపు మన పురపాలక సంఘం పాత పైపులు మార్చడానికో, చెడిన బావులకు బదులు నీళ్ళు ఇవ్వడానికో కొంత రుసుము పెంచితే, ఎందుకు కట్టాలి అని కాక వేరే రెండు ప్రశ్నలు అడుగుదాం. లాభం పొందినదాన్ని బట్టి వాటాలు వేశారా? ముందు ఇచ్చిన డబ్బును చెరిచినవారి దగ్గర రాబట్టే పని ఎంతవరకు వచ్చింది? ఈ రెండో ప్రశ్న అడగడం మానేస్తే ముందు చెల్లించే మంచితనం చెరిచేవాడికి రక్షణ అవుతుంది. అడుగుతూ చెల్లిస్తే అది బాకీ తీర్చడం అవుతుంది.